వరంగల్ ఎండల్లో సన్యాసి పీతలు: నాలుగు వేసవుల తర్వాత

హనుమకొండలో మా ఇంటి మధ్య గదిలో, గోడ వారగా కడప రాతి అరుగు మీద మూడడుగుల గాజు తొట్టి ఉంది. అందులో మూడు సన్యాసి పీతలు ఉన్నాయి. 2021 ఆగస్టులో, రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చిందని ఊరంతా చెప్పుకుంటున్న రోజుల్లో ఐదింటిని తెచ్చాం. రెండు పోయాయి. ఆ రెండూ నాకు తెలియక చేసిన పనుల వల్లే పోయాయి కాబట్టి, నాలుగు వేసవులు గడిచాక నేర్చుకున్నదంతా రాసి పెడుతున్నాను. కొత్తగా కొనాలనుకునేవాళ్ల కంటే, ఇప్పటికే కొని తెచ్చి ఏం చేయాలో తోచక ఉన్నవాళ్లకే ఇది ఎక్కువ పనికొస్తుంది.

మనకు సముద్రం దగ్గరలో లేదు. వరంగల్‌లో రైలెక్కి బాపట్లలో దిగి, అక్కడి నుంచి సూర్యలంక చేరితే గానీ అల కనిపించదు. ఇక్కడ ఎండ్రకాయ అంటే వరి మడి గట్టులో బొరియ చేసుకొని ఉండేది, వానాకాలంలో పులుసుకు పనికొచ్చేది. పిల్లలు డబ్బా మూత తీసి చూపించగానే మా అత్తమ్మ కూడా అదే అనుకుంది. "ఇంత చిన్నవి ఎందుకు తెచ్చావు బిడ్డా, వీటిలో ఏముంటుంది?" అని అడిగింది.

సన్యాసి పీత ఆ రకం కాదు. చచ్చిన నత్తల గుల్లను ఇల్లుగా చేసుకొని, ఎక్కడికి వెళ్లినా దాన్ని మోసుకుంటూ తిరుగుతుంది. పెంపకానికి అమ్మేవి నేల మీద బతికే జాతివి. శాస్త్రజ్ఞులు సీనోబిటా అంటారు. నేల మీద బతికినా ఊపిరి మాత్రం మొప్పలతోనే పీలుస్తాయి. ఆ మొప్పలు ఎప్పుడూ తడిగా ఉండాలి. నీళ్లలో ముంచి ఉంచితే మునిగి చస్తాయి. పొడి గాలిలో ఉంచితే రోజుల తరబడి ఊపిరి అందక చస్తాయి. దుకాణంలో మాకు చెప్పని సంగతి ఇదే. ఒక ప్లాస్టిక్ డబ్బా, గుప్పెడు రంగు రాళ్లు, స్పాంజి ముక్క, గుళికల పొట్లం చేతిలో పెట్టి, "రోజూ కాసిని నీళ్లు చిలకరించండి, రెండేళ్లు బతుకుతాయి" అన్నారు. తీరంలో తమ మానాన తాము బతికితే ముప్పై ఏళ్లు దాటగల ప్రాణులివి.

వానలున్నంత కాలం ఆ డబ్బాలో కూడా బాగానే తిరిగాయి. అక్టోబరు చివర గాలి పొడిబారింది. వారంలో ఒకటి గుల్ల బయటకు వేలాడుతూ, ముట్టుకున్నా లోపలికి పోని స్థితికి వచ్చింది. ఆకలేమో అని గుళికలు పెట్టాను. మర్నాటికి చచ్చిపోయింది. ఆ రాత్రి కూర్చొని చదవడం మొదలుపెట్టాను. నెల తిరక్కముందే గాజు తొట్టి, దానికి బిగుతుగా పట్టే గాజు మూత, తేమ మీటరు ఇంటికి వచ్చాయి.

ముందు ఆ మీటరు గురించి చెప్పాలి. తొట్టిలో గాలి తేమ 80 శాతం దగ్గర ఉండాలి, 75 కంటే తగ్గకూడదు. నా మీటరు రోజూ 80 చూపిస్తోంది, నేను నిశ్చింతగా ఉన్నాను. పీతలు మాత్రం మందకొడిగానే ఉన్నాయి. అప్పుడు ఉప్పు పరీక్ష చేశాను. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, నాలుగు చుక్కల నీళ్లతో తడి ముద్దగా చేసి, మీటరుతో పాటు గాలి చొరని సంచిలో పెట్టి ఒక రాత్రంతా ఉంచాలి. తడి ఉప్పు మీది గాలిలో తేమ 75 శాతం దగ్గరే నిలుస్తుంది, కాబట్టి మీటరు కూడా 75 చూపాలి. నాది 83 చూపింది. అంటే నేను 80 అనుకున్నదల్లా 72. ఆ ఎనిమిది అంకెల తేడాలో నా పీతలు ఎన్ని రోజులు ఊపిరికి ఇబ్బంది పడ్డాయో తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీటరు ఎంత ధర పెట్టి కొన్నా సరే, తొట్టిలో పెట్టే ముందు ఈ పరీక్ష చేయండి. ఏడాదికొకసారి మళ్లీ చేయండి.

తొట్టి అడుగున ఇసుక ఎనిమిది అంగుళాల లోతు ఉండాలి. ఇసుక ఐదు పాళ్లు, కొబ్బరి పొట్టు ఒక పాలు. నేను గోదావరి సన్న ఇసుక జల్లెడ పట్టి, ఏడెనిమిది సార్లు కడిగి, ఎండబెట్టి వాడాను. మూడడుగుల తొట్టికి రెండు సిమెంటు సంచుల నిండా పట్టింది. అందుకే మామూలు బల్ల మీద పెట్టకండి; మా కడప రాతి అరుగు ఈ బరువు కోసమే కట్టించాం. కొబ్బరి పొట్టు ఏ నర్సరీలోనైనా ఇటుకల్లా నొక్కి అమ్ముతారు, ఎరువు కలపనిది అడిగి తీసుకోండి. తడి ఎంత ఉండాలంటే, గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు, వేలితో పొడిస్తే ఆ కన్నం కూలిపోకుండా నిలబడాలి. మా ఆయన ఆ కన్నాన్ని చూసి, కాకతీయులు రామప్ప గుడి పునాదిని ఇసుక నింపి కట్టిన సంగతి పిల్లలకు వివరంగా చెప్పాడు. ఇసుక అంటే జారిపోయేదే అనుకునే పిల్లలకు ఆ రోజు రెండు పాఠాలు ఒకేసారి అర్థమయ్యాయి.

అంత లోతు ఎందుకంటే, కుబుసం విడవడానికి. పీత ఒళ్లు పెరుగుతుంది గానీ పైపెంకు పెరగదు. అందుకని అది ఇసుక అడుగుకు దిగి, చిన్న గుహ చేసుకొని, అందులో పాత పెంకు విడిచి, దాన్నే నెమ్మదిగా తిని, ఆ సున్నంతో కొత్త పెంకును గట్టిపరచుకుంటుంది. చిన్నవాటికి నెల, పెద్దవాటికి రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. దిగే ముందు ఎక్కువగా నీళ్లు తాగుతుంది, తిండి మీద పడుతుంది, ఒళ్లు బూడిద రంగుకు తిరిగి కళ్లు మసకబారుతాయి.

ఇవన్నీ నేను చదివే ఉన్నాను. అయినా 2022 ఫిబ్రవరిలో ఒకటి ఇసుకలోకి వెళ్లి పంతొమ్మిది రోజులైనా రాకపోయేసరికి మనసు ఆగలేదు. చచ్చిపోయి కుళ్లుతోందేమో, మిగతావాటికి చేటు చేస్తుందేమో అన్న భయంతో చెంచాతో తవ్వాను. గుహ పైకప్పు కూలింది. లోపల అది లేత గులాబీ రంగులో, పాలపొర లాంటి ఒంటితో, కాళ్లు వాలేసి ఉంది. పక్కనే సగం తిన్న పాత పెంకు. చనిపోలేదు, మీసాలు కదులుతున్నాయి. ఇసుక కప్పేశాను. రెండో రోజుకు మిగతా పీతలు అక్కడే తవ్వడం చూసి మళ్లీ చూశాను, అప్పటికే పోయింది. తవ్వకండి. వాసన వస్తే తప్ప తవ్వకండి. చచ్చిన పీత వాసన కుళ్లిన చేపల వాసనలా గది దాటి వస్తుంది, అనుమానానికి చోటే ఉండదు. ఆ వాసన లేదంటే అది బతికే ఉందని నమ్మి వదిలేయాలి. అప్పటి నుంచి ఏ పీత దిగినా గాజు మీద కాగితపు టేపు అంటించి తేదీ రాస్తున్నాను. చెంచా వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి సంవత్సరం, పెద్దన్న అని మేం పిలుచుకునే పీత ఇసుకలోకి దిగి డెబ్బై ఒకటో రోజు రాత్రి పైకి వచ్చింది. మొదట ఇసుక మీద చిన్న పగులు కనిపించింది. ఆ పగులులోంచి రెండు మీసాలు, ఆ వెనక ఎడమ డెక్క బయటికొచ్చాయి. వీటికి ఎడమ డెక్కే పెద్దది, గుల్లలోకి ముడుచుకున్నప్పుడు అదే తలుపు. ఊదా రంగు డెక్క, కొత్త సీసం పెన్సిళ్లలా పదునుగా కాళ్ల కొనలు, ఎక్కడా ఒక్క గీత లేదు. గిన్నె దాకా నడిచి మొదట ఉప్పు నీళ్లు తాగింది, తర్వాత మంచి నీళ్లు. పిల్లల్ని లేపాను, మా అత్తమ్మ తనంతట తానే లేచి వచ్చింది.

మన ఊరికి ప్రత్యేకమైన కష్టం వేసవి. ఏప్రిల్, మే నెలల్లో బయట ఎండ 43, 44 డిగ్రీలుంటే మా మధ్య గదిలో మధ్యాహ్నం 36 దాటుతుంది, గది గాలిలో తేమ ఇరవైల్లోకి పడిపోతుంది. పీతలకు 24 నుంచి 29 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 32 దాటితే ప్రమాదం. తొట్టి మూత బిగుతుగా ఉంటే తేమకు భయం లేదు, వేడితోనే పోరాటం. కూలర్ గాలి నేరుగా తగిలితే, మూత తీసినప్పుడల్లా తేమ కొట్టుకుపోతుంది, కాబట్టి దాన్ని గదికి పెట్టాలి గానీ తొట్టి వైపు తిప్పకూడదు. తొట్టి వెనక, పక్కల తడి గోనె సంచి వేలాడదీస్తాను. గడ్డకట్టించిన నీళ్ల సీసాలు రెండు, గాజుకు బయటి వైపున ఆనించి పెడతాను, మూడు గంటలకొకసారి మారుస్తాను. ఇలా 30 దగ్గర నిలబెట్టగలిగాను. ఇది నెలన్నర రోజుల చాకిరీ. ఇంట్లో పగలంతా ఎవరూ ఉండని కుటుంబాలకు ఇది సాధ్యం కాదని నేను నిక్కచ్చిగా చెబుతాను.

చలికాలం సులువే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో వెనక గాజుకు ఇసుక మట్టానికి పైన వేడినిచ్చే పలుచటి ప్యాడ్ అంటిస్తే చాలు. తొట్టి కింద పెట్టకూడదు, ఇసుకలో దాగినవి వేడికి ఉడికిపోతాయి. బల్బు కూడా వద్దు, గాలిని ఆరబెడుతుంది.

నీళ్లు రెండు గిన్నెల్లో, పీత పూర్తిగా మునిగేంత లోతుతో, ఎక్కిరావడానికి రాళ్లతో ఉండాలి. ఒకటి మంచి నీళ్లు, ఒకటి ఉప్పు నీళ్లు. కుళాయి నీళ్లలోని క్లోరిన్ మొప్పలను దెబ్బతీస్తుంది, అక్వేరియం దుకాణాల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయకుండా వాడకండి. ఉప్పు నీళ్లంటే వంట ఉప్పు కాదు. సముద్రపు చేపల తొట్లకు వాడే ఉప్పు, లీటరుకు 35 గ్రాములు. నేను హైదరాబాద్ నుంచి తెప్పించుకుంటాను, కిలో చాలా కాలం వస్తుంది.

దోమల మందు సంగతి ఎవరూ చెప్పరు, అందుకే గట్టిగా చెబుతున్నాను. పురుగుల్ని చంపే మందు పీతల్నీ చంపుతుంది, అవి పురుగులకు దగ్గరి చుట్టాలు. ఆ గదిలో కాయిల్, ప్లగ్గుకు పెట్టే ద్రవం, స్ప్రే అన్నీ మానేశాం. దోమతెర కట్టుకొని పడుకుంటున్నాం.

తిండికి ఖర్చు లేదు, ఏదైనా తింటాయి. ఉప్పు కలపని ఎండు రొయ్యలు, మునగాకు, క్యారెట్, పచ్చి కొబ్బరి, ఉడికించిన మొక్కజొన్న పెడతాను. బతుకమ్మ రోజుల్లో మా పెరట్లో పూసిన బంతి రెక్కలు వేస్తే ముందు వాటినే తింటాయి. అంగడి పూలు మాత్రం మందు కొట్టి ఉంటాయి, వేయను. సున్నానికి కోడిగుడ్డు పెంకు పొడి, మూలికల దుకాణంలో దొరికే సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) ముక్క తొట్టిలో ఎప్పుడూ ఉంటాయి.

గుల్లల విషయంలో నేను పొరబడ్డాను. వడ్డేపల్లి చెరువు గట్టున దొరికిన నత్త గుల్లలు మరిగించి పెట్టాను. డెక్క లోపలికి పెట్టి కొలత చూసి వదిలేశాయి, ఒక్కటీ ఎక్కలేదు. బాగా పలుచన కదా. నోరు గుండ్రంగా, గోడ మందంగా ఉండే సముద్రపు గుల్లలే నచ్చాయి. ఒక్కో పీతకు మూడు నాలుగు, ఇప్పటి దానికంటే కొద్దికొద్దిగా పెద్దవి ఉంచితే గొడవలు తగ్గుతాయి. కొన్ని పెద్ద శంఖాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షితాలు, కాబట్టి పేరు తెలియని గుల్ల కొనకండి. రంగు వేసినవి అసలే వద్దు, పెచ్చులూడితే తినేస్తాయి. మా ముగ్గురూ మామూలు గుల్లలు దొరికిన మూడో రోజుకే రంగు గుల్లల్ని వదిలేశారు. మారడం రెప్పపాటులో జరుగుతుంది. మెత్తటి వంకర పొట్ట ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది.

కొత్తగా కొనమంటారా అని అడిగితే వద్దంటాను. వీటి పిల్లలు సముద్రంలోనే పుట్టి, అక్కడే కొన్ని దశలు దాటి, గుల్ల వెతుక్కొని ఒడ్డుకొస్తాయి. ఇళ్లలో పుట్టించడం దాదాపు కుదరని పని, కాబట్టి దుకాణంలో ఉన్న ప్రతిదీ ఏదో ఒక తీరం నుంచి ఏరి తెచ్చిందే. పెంచలేక వదిలించుకోవాలనుకునేవాళ్ల దగ్గర తీసుకోండి. చెరువులోనో గోదావరిలోనో వదిలేయకండి, అది వాటి చోటు కాదు.

మొన్న పెళ్లికి మేం నాలుగు రోజులు కరీంనగర్ వెళ్లాం. రెండో రోజు పొద్దున్నే అత్తమ్మ ఫోను చేసింది. మీటరు 84 చూపుతోందట, ఎనిమిది తీసేస్తే 76 కదా, గోడకు తడి గుడ్డ పెట్టనా అని అడిగింది. గోరింట అని పిలుచుకునే పీత ఇంకా ఇసుక పైకి రాలేదట, టేపు మీద తేదీ చూసి లెక్కపెట్టిందట, నలభై ఆరు రోజులు.