కాట్ బా దీవి, లాన్ హా బే: ఇద్దరికీ ఒక రోజు కయాకింగ్, ముందు పోటు చూసుకుని

వియత్నాం వెళ్లే మనవాళ్లలో చాలామంది హా లాంగ్ బేను హనోయ్ నుంచి ఒక్క రోజు క్రూజ్‌లో చుట్టేసి వచ్చేస్తారు. ప్యాకేజీలో కయాకింగ్, అంటే సన్నటి చిన్న పడవను మనమే తెడ్డుతో నడపడం, అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. తీరా చూస్తే అది లువోన్ గుహ దగ్గర అరగంట, మహా అయితే ముప్పావు గంట. పక్కనే మిగతా క్రూజ్‌ల వాళ్లు, వెదురు పడవల వాళ్లు అందరూ ఆ గుహ కమాను కిందికే వస్తారు. కయాక్ కోసమే వెళ్లేవాళ్లకు ఆ ప్యాకేజీ దండగ. హనోయ్ నుంచి కాట్ బా దీవికి చేరి, అక్కడ రెండు మూడు రాత్రులు ఉండి, పోటు కుదిరిన రోజు చూసుకుని దీవిని ఆనుకుని ఉన్న లాన్ హా బేలోకి దిగడం మేలు. రాళ్లు అవే, నీళ్లు అవే, పడవల రద్దీ మాత్రం చాలా తక్కువ. హా లాంగ్ బే 1994లోనే యునెస్కో జాబితాలో చేరింది. కాట్ బా దీవుల్ని కూడా కలిపి ఆ సరిహద్దును 2023లో పెంచారు.

వెళ్లడం, ఉండడం

హనోయ్ పాత బస్తీ నుంచి బస్సు, ఫెర్రీ, మళ్లీ బస్సు కలిపి ఒకే టికెట్ అమ్ముతారు. మూడున్నర నుంచి నాలుగు గంటల ప్రయాణం, హోటల్ దగ్గరే ఎక్కించుకుంటారు. విడివిడిగా వెళ్తే పెద్దగా మిగిలేదేమీ లేదు, ఫెర్రీ దగ్గర పడిగాపులు అదనం. హా లాంగ్ వైపు నుంచి వచ్చేవాళ్లకు తువాన్ చౌ నుంచి జా లువాన్‌కు ఫెర్రీ ఉంది. అయితే జా లువాన్ రేవు కాట్ బా దీవికి ఉత్తర కొసన ఉంటుంది, కాట్ బా పట్టణం అక్కడికి ఇరవై కిలోమీటర్ల పైమాటే. సాయంత్రం దిగితే బండి దొరకడం కష్టం.

స్కూటర్ అద్దెకు ఎక్కడపడితే అక్కడ ఇస్తారు, లైసెన్స్ కూడా అడగరు. చిక్కల్లా చట్టంతోనే. మన దగ్గర ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు రవాణా ఒప్పందం కిందది, వియత్నాం గుర్తించేది 1968 నాటి ఒప్పందం కింది పర్మిట్‌నే. అంటే ఆ పర్మిట్ చేతిలో ఉన్నా లేనట్టే. ప్రమాదం జరిగితే ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు ఇవ్వకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు. కయాక్ పడవలు బయల్దేరే బెయో రేవు పట్టణానికి రెండు కిలోమీటర్ల దూరమే. నడిచి వెళ్లొచ్చు, టాక్సీ ఎక్కినా పెద్ద ఖర్చు కాదు.

బస విషయంలో మా ఓటు పట్టణంలో రెండో వీధి హోటళ్లకే. సముద్రం ఎదుటి వరుసలో సీ వ్యూ అంటూ ఎక్కువ తీసుకుంటారు. కానీ ఆ ఒడ్డున నిర్మాణ పనులు పెద్ద ఎత్తున సాగుతున్నాయి కాబట్టి పాత ఫోటోలు చూసి డబ్బు కట్టకండి. పైగా రాత్రి కారియోకె మోత. చవక గదుల్లో కొన్నింటికి కిటికీయే ఉండదు, బుక్ చేసే ముందు ఆ ఒక్కటి అడిగి తీరాలి. తడిసిన బట్టలు కిటికీ లేని గదిలో రెండు రోజులైనా ఆరవు. కాట్ కో బీచ్‌ల పక్క రిసార్టులు ప్రశాంతంగా ఉంటాయి, ధర కూడా అలాగే ఉంటుంది. జాతీయ పార్కు లోపలి వియెట్ హాయ్ ఊళ్లో బంగళాలు బాగుంటాయి గానీ అక్కడికి పడవలోనో అడవి దారిన నడిచో చేరాలి. కయాక్ రోజుకు ముందు రాత్రి ఉండడానికి ఆ ఊరు పనికిరాదు, తర్వాతి రాత్రికి సరిపోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా శని ఆదివారాల్లో వియత్నాం కుటుంబాలే దీవిని నింపేస్తాయి. ఆ రోజులు తప్పించుకోండి.

పోటు లెక్క

ఇది తెలియక వెళ్లేవాళ్లే ఎక్కువ, రోజు పాడయ్యేదీ ఎక్కువగా ఇక్కడే. విశాఖలో, కాకినాడలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. లాన్ హా బే ఉన్న టాంకిన్ సింధుశాఖలో రోజుకు ఒక్క పోటు, ఒక్క పాటు. పెద్ద పోటు రోజుల్లో నీటి మట్టం తేడా మూడున్నర మీటర్లు దాటి నాలుగుకు దగ్గరవుతుంది. మరికొన్ని రోజుల్లో నీళ్లు కదిలాయా లేదా అన్నట్టే ఉంటాయి.

మనవాళ్లు అమావాస్య, పౌర్ణమి చూసి లెక్కేస్తే ఇక్కడ తప్పుతుంది. ఈ రకం పోటుకు చంద్రుడి కళతో కంటే, చంద్రుడు భూమధ్యరేఖకు ఎంత ఉత్తరంగానో దక్షిణంగానో ఉన్నాడన్న దానితోనే ఎక్కువ పని. బాగా దూరంగా ఉన్న రోజుల్లో పెద్ద పోటు, రేఖను దాటే రోజుల్లో చచ్చు పోటు. ఈ చక్రం దాదాపు పద్నాలుగు రోజులకోసారి తిరుగుతుంది. జూన్, డిసెంబరుల్లో పెద్ద పోట్లు అమావాస్య పౌర్ణములతో కలిసి వస్తాయి కాబట్టి మన లెక్క నప్పినట్టే అనిపిస్తుంది. మార్చి, సెప్టెంబరుల్లో అదే లెక్క తలకిందులవుతుంది. అందుకే క్యాలెండర్ పక్కన పెట్టి, ఏదైనా టైడ్ యాప్‌లో కాట్ బా అనో, దగ్గర్లోని పోటు కొలిచే కేంద్రం హోన్ దావ్ (Hon Dau) అనో కొట్టి ఆ వారం గీతను చూడండి. పోటు వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది.

దీంతో కయాక్‌కు ఏం పని అంటే, లాన్ హాలో చూడాల్సిన మడుగులన్నీ సున్నపురాతి కొండల నడుమ ఉంటాయి. లోపలికి దారి కొండ కింద తొలిచిన కమానే. నీళ్లు మరీ ఎక్కువైతే తల పట్టదు. మరీ తక్కువైతే అడుగున రాళ్లు, బురద, వాటి మీద ఆల్చిప్పలు తేలతాయి. సగం పోటు వేళ రెండూ కుదురుతాయి. ఎక్కే పోటులో లోపలికి వెళ్లి ఫోటోలంటూ కూర్చుంటే కమాను పైకప్పు మెల్లగా కిందికొస్తుంది. రోజుకు ఒక్కటే పోటు కాబట్టి అది మళ్లీ దిగేదాకా గంటల తరబడి లోపలే. తెలియని మడుగులోకి దిగే పోటులో వెళ్లడమే క్షేమం, నీళ్లు తగ్గి ఇరుక్కుంటే రాళ్లకు చెప్పు గీసుకుంటుందేమో గానీ పైకప్పు మాత్రం తల మీదికి రాదు. పెద్ద పోటు రోజుల్లో ఇరుకు కమానుల్లో నీరు కాలువలా లాగుతుంది. కొత్తవాళ్లు ఆ రోజులు వదిలేసి చిన్న, మధ్యస్థ పోటు రోజులు ఎంచుకోవాలి.

వెలుగు చీకటి గుహ అని పిలిచే హాంగ్ సాంగ్ తోయ్ దాదాపు ప్రతి టూర్‌లోనూ ఉంటుంది. వెలుగు వైపు కమాను దాటితే గుండ్రటి మడుగు, చుట్టూ నిట్టనిలువు కొండలు. చీకటి వైపు పొడవాటి సొరంగం, తలకు కట్టుకునే టార్చ్ లేకుండా వెళ్లకండి. ఫోన్ లైట్ ఒక చేత్తో పట్టుకుని తెడ్డు వేయలేరు. గుహలో గోడను చేత్తో నెట్టి పడవ తిప్పాలనిపిస్తుంది. అస్సలు వద్దు, నీటి గీత దగ్గర ఆల్చిప్పలు బ్లేడంత పదును. తెడ్డు చివరతో నెట్టండి.

ఏ పడవ, ఎంత

బెయో రేవు నుంచి మూడు రకాలుగా వెళ్లొచ్చు. మొదటిది ఇరవై ముప్పై మందిని ఎక్కించే చెక్క పడవ. మనిషికి సుమారు 5 నుంచి 7 లక్షల డాంగ్, రూపాయికి దాదాపు 300 డాంగ్ లెక్కన రెండు వేల రూపాయలకు అటూ ఇటూ. భోజనం, తేలే ఊరు, ఈత, కోతుల దీవి అన్నీ ఉంటాయి, కయాక్ గంట గంటన్నర. మొదటిసారి వెళ్లే జంటకు ఇది చాలు. రెండోది చిన్న గుంపుతో, గైడ్‌తో పూర్తి రోజు కయాక్. ధర ఎక్కువ, నీళ్ల మీద నాలుగైదు గంటలు. చేతులకు అలవాటు ఉంటే డబ్బుకు తగ్గ ఫలితం దీంట్లోనే. మూడోది రేవులో కయాక్ అద్దెకు తీసుకుని సొంతంగా పోవడం. చౌకే గానీ కొత్తవాళ్లకు వద్దనే అంటాం. రేవు ముందు మోటారు పడవల రాకపోకలు ఎక్కువ. లోపలికి వెళ్లాక వందల దీవులూ ఒకేలా కనిపిస్తాయి, దారి తప్పడానికి పది నిమిషాలు చాలు.

డబ్బు కట్టే ముందు మూడు మాటలు అడగండి: నీళ్ల మీద కయాక్ ఎన్ని నిమిషాలు, బే ప్రవేశ రుసుము ధరలో కలిసిందా, రేవు అధికారులు పడవలు ఆపేస్తే డబ్బు తిరిగి ఇస్తారా లేక తేదీ మారుస్తారా. మూడో మాటకు జవాబు కాగితం మీదో మెసేజ్‌లోనో ఉండాలి. నోట్లు ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. 20 వేల డాంగ్ నోటు, 5 లక్షల నోటు రెండూ నీలంగానే ఉంటాయి. మసక వెలుతురులో ఒకటి బదులు ఇంకొకటి ఇస్తే పాతిక రెట్లు చెల్లించినట్టే.

భోజనం చేపలు, స్క్విడ్, అన్నం, టోఫు, తూటికూర వేపుడు. శాకాహారులు ముందురోజే చెప్పాలి, అప్పుడు కూడా కూరలో నూక్ మామ్ అనే చేపల సాస్ పడుతుంది. 'అన్ చాయ్' అంటే శాకాహారమని అర్థమవుతుంది, నూక్ మామ్ వద్దని విడిగా చెప్పండి. కందిపొడి పొట్లం ఒకటి దగ్గరుంటే గొడవే లేదు.

ఇద్దరి కయాక్

ఇక్కడ ఇచ్చేవి ఎక్కువగా పైన కూర్చునే ప్లాస్టిక్ రకం, ఇద్దరివి. ముప్పై కిలోల బరువుంటాయి, అంత తేలిగ్గా తిరగబడవు. ఎక్కే ముందు వెనక కొసన నీళ్లు వదిలే బిరడా బిగించి ఉందో లేదో వేలుపెట్టి చూడండి. అది లేకుంటే పడవ పొట్టలోకి నీరు చేరి, అరగంటకు వెనక భాగం బరువెక్కుతుంది. చాలామంది తమకు ఓపిక లేదనుకుని తెడ్డు ఇంకా గట్టిగా వేస్తారు.

బరువున్నవాళ్లు, బలం ఎక్కువున్నవాళ్లు వెనక కూర్చోవాలి. పడవను తిప్పే పని వెనకవాళ్లది, వేగం నిర్ణయించేది ముందువాళ్లు. ముందువాళ్ల తెడ్డు ఏ పక్క పడితే వెనకది కూడా అదే పక్క, అదే క్షణంలో పడాలి. లేకుంటే తెడ్లు ఢీకొంటాయి, ఆ వెంటనే మాటలు కూడా. తెడ్డు గుంట ఉన్న ముఖం మీవైపు ఉండాలి. పాదాల దగ్గర నీళ్లలో ముంచి తుంటి దగ్గర పైకి తీయండి, అంతకన్నా వెనక్కి లాగితే శ్రమ తప్ప వేగం రాదు. భుజాలతో కాక నడుం తిప్పి లాగితే మధ్యాహ్నానికి చేతులు పడిపోవు. ఎడమకు తిరగాలంటే వెనకవాళ్లు కుడిపక్క వెడల్పుగా అర్ధచంద్రంలా ఒక్క వేటు వేస్తే చాలు.

గంటకు నాలుగు కిలోమీటర్లు మామూలు వేగం. ఎదురుగాలి లేస్తే సగానికి పడిపోతుంది. కాబట్టి పోయేటప్పుడు గాలికి ఎదురుగా, వచ్చేటప్పుడు గాలితో ఉండేలా చూసుకోండి. మోటారు పడవ అల వస్తుంటే తెడ్డు ఆపకుండా ముక్కును అలవైపు తిప్పండి. పక్కకు తగిలినప్పుడే బోల్తా.

బోల్తాపడితే ముందు ఇద్దరూ పడవను పట్టుకోవాలి, తెడ్లు తర్వాత. ఇద్దరూ ఒకే పక్క చేరి అంచు పట్టి లాగి పడవను సరిచేయండి. ఒకరు అవతలి పక్కకు వెళ్లి అంచు మీద బరువు వేసి పట్టుకోవాలి. రెండోవాళ్లు కాళ్లు నీటి పైకి తెచ్చి ఆడిస్తూ బోర్లా పడవ మీదికి పాకి, వెల్లకిలా తిరిగి, ఆ తర్వాత కాళ్లు లోపల పెట్టాలి. నిలబడి ఎక్కబోతే మళ్లీ బోల్తానే. లోపలివాళ్లు ఎదుటి పక్కకు వాలి ఉంటే బయట ఉన్నవాళ్లు ఎక్కగలరు. ఒడ్డు దగ్గర నడుం లోతులో ఒకసారి చేసి చూస్తే ఐదు నిమిషాల పని.

లైఫ్ జాకెట్ బిగించాక పక్కవాళ్లను భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి, గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది పెద్దది, మార్చుకోవాలి. జీన్స్ వద్దు, పొడుగు చేతుల సింథటిక్ చొక్కా, వెనక పట్టీ ఉన్న చెప్పులు, కళ్లజోడుకు తాడు. నీళ్లు చొరని పది లీటర్ల డ్రై బ్యాగ్ మూతిని కనీసం మూడు మడతలు చుట్టాలి. నీళ్లు మనిషికి లీటరున్నర.

కోతుల దీవికి మరీ ఎక్కువ సమయం ఇవ్వొద్దు. అక్కడున్నవి మామూలు కోతులే, కాట్ బాకే ప్రత్యేకమైన అరుదైన బంగారు తల లంగూర్లు కావు. చేతిలో సంచి కనిపిస్తే లాక్కుంటాయి, కరుస్తాయి. కరిచినా గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి అదేరోజు రేబిస్ టీకాకు వెళ్లాలి. పైనున్న వ్యూ పాయింట్ దారి పదును రాళ్లు, తడి చెప్పులతో ఎక్కకండి. ఆ గంట బా చాయ్ దావ్ ఇసుక తిన్నెల దగ్గర ఈతకు ఇవ్వమని గైడ్‌ను అడిగితే, గుంపు ఒప్పుకుంటే కుదురుతుంది.

కాలం, ఆగిపోయిన రోజు

అక్టోబరు, నవంబరు, ఆ తర్వాత ఏప్రిల్, మే బాగుంటాయి. ఫిబ్రవరి, మార్చిలో పొగమంచు, తుంపర, కొండలు కనిపించవు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తుఫాన్లు, మధ్యాహ్నం ఉరుములతో హఠాత్తుగా వచ్చే గాలివాన. 2024 సెప్టెంబరులో యాగి తుఫాను ఈ తీరాన్ని కుదిపేసింది. 2025 జూలై 19న హా లాంగ్ బేలో గాలివానకు ఒక టూరిస్టు పడవ తిరగబడి ముప్పై మందికి పైగా చనిపోయారు. అందుకని అధికారులు ఆపినా, గైడ్ వద్దన్నా బేరమాడకండి. వేసవిలో ఉదయం పడవే ఎంచుకోండి. ఉరుము వినిపిస్తే తెడ్డు పని ఆపి పెద్ద పడవెక్కండి.

ఆగిన రోజుకు దీవిలో పని ఉంది. యుద్ధకాలంలో 1960లలో కొండ లోపల కట్టిన హాస్పిటల్ కేవ్, పట్టణం పైన కొండ మీది కేనన్ ఫోర్ట్, వాన తగ్గితే జాతీయ పార్కులో న్గూ లామ్ శిఖరం. వానలో శిఖరం దారి జారుతుంది, కేవ్‌కే వెళ్లండి. హనోయ్‌లో తిరుగు విమానం మాత్రం దీవి వదిలిన రోజు కాక మర్నాటికి పెట్టుకోండి. పడవలు ఆపే గాలికి ఫెర్రీ కూడా ఆగుతుంది.