పాస్‌పోర్టు ఫోటోల కోసం కొన్న చిన్న ప్రింటర్: నాలుగేళ్ళు వాడాక నా మాట

పర్లాకిమిడిలో మాది జెరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. పేరుకి ఒడిశా అయినా కూతవేటు దూరంలో పాతపట్నం, అంటే ఆంధ్రా. గంటలో పది మంది వస్తే తెలుగు, ఒడియా, సవర మూడూ వినపడతాయి. 2021లో పాస్‌పోర్టు ఫోటోల కోసమని డై సబ్లిమేషన్ రకం, అంటే రిబ్బన్ మీది రంగుని వేడితో కాగితానికి ఎక్కించే చిన్న ప్రింటర్ ఒకటి కొన్నాం. బియ్యం కొలిచే కుంచమంత ఉంటుంది. ఇప్పటికి 108 షీట్ల ప్యాకెట్లు ముప్పై దాకా అయిపోయాయి. కొనే ముందు నాకెవరూ చెప్పని సంగతులు ఇక్కడ రాస్తున్నాను. మాలాంటి షాపు పెట్టుకునేవాళ్ళకీ, ఇంట్లోనే పిల్లలకి ఫోటో తీసుకుందామనుకునేవాళ్ళకీ పనికొస్తాయి.

అంతకుముందు మా దగ్గర మామూలు ఇంక్ ప్రింటర్ ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లా మీదుగా వెళ్ళాక జనం తడిసిన కాగితాలు పట్టుకుని షాపు ముందు వరస కట్టారు. వాటికి అంటించిన ఫోటోల్లో కొన్నిటిలో కళ్ళూ ముక్కూ కలిసిపోయి నీలం మరక మిగిలింది. అవి నేను తీసిన ఫోటోలే. ఒక పెద్దాయన తన పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టి, "ఇది నానే అమ్మా" అన్నాడు. మొహం పోయిన ఫోటో పక్కన ఆయన మొహం. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. డబ్బులు కూడగానే నీళ్ళకి చెడని ప్రింటర్ కోసం వెతికింది అందుకే.

ఆ విషయంలో ఇది మాట నిలబెట్టుకుంది. కాగితం నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరుగుతుంది. మొదట పసుపు, తర్వాత గులాబీ, తర్వాత నీలం, చివరికి పైన ఒక పారదర్శకమైన పూత. చేతిలోకి వచ్చేసరికే ఆరిపోయి ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి చూశాను, రంగు దిగలేదు. 2021లో తీసిన మా పిల్లల ఫోటోలు ఇప్పటికీ కొత్తవాటిలాగే ఉన్నాయి. షీటుకి నాకు పాతిక రూపాయల దాకా పడుతోంది. ఇంక్ ప్రింటర్ మీద ఇంతకంటే చాలా తక్కువలో అయిపోయేది. ఆ తేడా తెలిసే కొన్నాను.

ఇక అసలు చిక్కు కొలతల్లో ఉంది. పెట్టె మీద 4 × 6 అంగుళాలని ఉంటుంది గానీ మా ప్రింటర్ కాగితం నిజానికి 100 × 148 మిల్లీమీటర్లు. మన పాస్‌పోర్టు ఫోటో 35 × 45 మిల్లీమీటర్లు కాబట్టి వరసకి నాలుగు చొప్పున రెండు వరసలు, ఎనిమిది ఫోటోలు హాయిగా పడతాయి. అమెరికా వీసాకి అడిగే రెండంగుళాల చదరపు ఫోటో దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. రెండు వరసలకి 102 మిల్లీమీటర్లు కావాలి, ఉన్నది 100. పొడవులో మూడింటికి 153 కావాలి, ఉన్నది 148. ఆ కొద్ది మిల్లీమీటర్ల కోసం ఆరు పట్టాల్సిన చోట రెండే పడతాయి. ఇది తెలియక మొదటి వారంలో పది షీట్లు పాడు చేశాను.

ఇంకోటి. అంచులు లేకుండా ప్రింట్ చేయమంటే ఈ మెషిన్ బొమ్మని కొద్దిగా సాగదీసి అంచులు కోసేస్తుంది. కంప్యూటర్లో సరిగ్గా 35 పెట్టినా కాగితం మీద 36 దాటుతుంది. నేను చేసిందేంటంటే, ఒక స్కేలు బొమ్మ గీసి, ప్రింట్ తీసి, దాని పక్కన పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు పెట్టి చూశాను. ఎంత సాగిందో లెక్కకట్టి ఆ మేరకి కంప్యూటర్లో ఫోటోల కొలత తగ్గించి పెట్టుకున్నాను. అప్పటి నుంచి కొలత తప్పలేదు. ఈ ప్రింటర్ కొన్నవాళ్ళు ముందు ఈ పని చేయండి, తర్వాతే గిరాకీ.

మనిషిని నిలబెట్టే విషయం ప్రింటర్ కంటే ముఖ్యం. మన విదేశాంగ శాఖ ఇచ్చిన సూచనల్లో మొహం ఫోటోలో 80 నుంచి 85 శాతం ఉండాలని ఉంది. 45 మిల్లీమీటర్లలో అది 36 నుంచి 38 దాకా వస్తుంది. మా వైపు స్టూడియోలకి చొక్కా రెండో బొత్తం దాకా చూపించడం అలవాటు. జనానికీ అదే ఇష్టం. నేను తీసింది చూసి, "ఏటమ్మా, మరీ ఇంత మొగమా?" అని అడిగినవాళ్ళు ఎందరో. అమెరికా వాళ్ళేమో తల 25 నుంచి 35 మిల్లీమీటర్లే ఉండాలంటారు, అదీ 51 మిల్లీమీటర్ల ఫోటోలో. పైగా 2016 నవంబరు నుంచి కళ్ళద్దాలతో ఫోటో ఒప్పుకోవడం లేదు. అందుకే ఒక అవసరానికి కోసిన ఫోటో ఇంకో అవసరానికి పనికిరాదు. తీసేటప్పుడు చుట్టూ చోటు వదిలి తీస్తే, తర్వాత దేనికి కావాలంటే దానికి కోసుకోవచ్చు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ పిల్లల ఫోటోల కోసం వాట్సాప్‌లో అడిగేవాళ్ళకి ఇంకో మాట. 2025 సెప్టెంబరు నుంచి విదేశాల్లోని మన ఎంబసీల్లో ఆ 80 నుంచి 85 శాతం కొలతే గట్టిగా చూస్తున్నారు, ఫైలు 630 × 810 పిక్సెళ్ళు. లెక్క వేస్తే మిల్లీమీటరుకి సరిగ్గా 18 పిక్సెళ్ళు, అంటే మన 35 × 45 ఆకారమే.

లైట్ల గురించి చాలా చెప్పాలనుంది. మొదట్లో గోడకి ఆనించి కూర్చోబెట్టి ఫ్లాష్ కొట్టేదాన్ని. చెవి పక్కన నల్లటి నీడ పడేది. ఇప్పుడు తెల్ల షీటుకీ కుర్చీకీ మధ్య నాలుగు అడుగులు వదులుతాం. ఇటొకటి అటొకటి ఎల్‌ఈడీ లైట్లు పెట్టి, ముందు పల్చటి తెల్లగుడ్డ కట్టాం. ఫోను అయినా కెమెరా అయినా మనిషికి మీటరున్నర దూరంలో ఉండాలి. చెయ్యి చాచి దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. సెల్ఫీలయితే కొన్ని ఫోన్లలో ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ కుడి వైపుకి వచ్చేస్తుంది. వెనక అంతా తెలుపే కాబట్టి కెమెరా భయపడి మొత్తం మసక చేస్తుంది. వెలుగు ఒక మెట్టు పెంచుకోవాలి. తెల్ల చొక్కాతో వచ్చినవాళ్ళకి భుజాలు కనపడకుండా పోతాయని ఒక ముదురు నీలం చొక్కా మేకుకి తగిలించి ఉంచాం.

కొండ ఊళ్ళ నుంచి వచ్చే ముసలమ్మలకి రెండు ముక్కుపుడకలు, మధ్యలో ఒక బులాకీ ఉంటాయి. అవి తియ్యమనడం నాకిష్టం లేదు, తియ్యక్కర్లేదు కూడా. కానీ లైటు తగిలి బులాకీ మెరిస్తే పై పెదవి మీద తెల్లటి చుక్క పడుతుంది. కుడి లైటు ఒక జానెడు పైకెత్తితే పోతుంది. తల మీది చెంగు మాత్రం నుదురు దాటి వెనక్కి జరపమంటాను. గడ్డం నుంచి నుదురు దాకా, అటూ ఇటూ చెంపల అంచులూ కనపడాలి కాబట్టి. కొబ్బరినూనె మెరుపుకి మా మందు పొడి తువ్వాలు ఒక్కటే.

మన దేశంలో పెద్దవాళ్ళకి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ఫోటో అక్కడే తీస్తారు. ఈ సంగతి తెలియక ముప్పై కాపీలు కావాలని వచ్చేవాళ్ళకి నేను వద్దని చెప్తాను. ఇంట్లో వేరే పనులకి ఎనిమిది చాలు. ఫోటో తీసుకెళ్ళాల్సింది నాలుగేళ్ళలోపు పిల్లలకి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, అదే 3.5 × 4.5 సెంటీమీటర్లు. అంటే ఈ ప్రింటర్ ఎక్కువగా పనిచేసేది మెడ నిలవని పసివాళ్ళ కోసం.

వాళ్ళ విషయంలోనే నావల్ల ఒక తప్పు జరిగింది. 2018 నుంచి దేశంలో ఎక్కడైనా పాస్‌పోర్టుకి అప్లై చేసుకోవచ్చు కాబట్టి మా వైపు చాలామంది భువనేశ్వర్‌కి కాకుండా ఆంధ్రా వైపు వెళ్తారు. అలా ఒక జంట అయిదు నెలల పాపతో తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళారు. కౌంటర్ దగ్గర ఫోటో వద్దన్నారు. పాప చంక కింద తల్లి వేళ్ళు రెండు కనపడుతున్నాయట. నేను తీసిన ఫోటో అది. ప్రింట్ తీసి చేతిలో పెట్టాను గానీ వేళ్ళు చూడలేదు. వాళ్ళు అక్కడే ఇంకో ఫోటో తీయించుకుని పని కానిచ్చుకున్నారు గానీ ఎండలో ఆ పసిపిల్లతో తిరిగిన తిరుగుడుకి తప్పు నాదే. అప్పటి నుంచి పసివాళ్ళని కూర్చోబెట్టడం మానేశాను. బల్ల మీద తెల్ల దుప్పటి ముడతల్లేకుండా పరిచి వెల్లకిలా పడుకోబెట్టి, నేను స్టూలు ఎక్కి పైనుంచి తీస్తాను. నా భుజం పక్కన తల్లి గాజులు గలగలలాడించాలి. పిల్ల కళ్ళు తెరిచి పైకి చూస్తుంది, నోరు మూసుకున్న ఆ ఒక్క క్షణం దొరికే దాకా ఆగాలి. ఒక్కోసారి నలభై నిమిషాలు పడుతుంది. తొందరపెట్టను. ఇప్పుడు షీటు కత్తిరించే ముందు భూతద్దంతో ఒకసారి చూస్తాను.

రంగు గురించి చెప్పకపోతే ఈ సమీక్ష రాసి ప్రయోజనం లేదు. ఈ ప్రింటర్ కొన్న కొత్తలో చామనఛాయ మొహాలని కాస్త ఎర్రగా అచ్చువేసేది. దాన్ని సరిదిద్దడానికి మా ఆయన చెయ్యి ఫోటో తీసి, ప్రింట్ తీసి, పగటి వెలుతురులో చెయ్యి పక్కన పెట్టి చూసుకుంటూ మార్చాను. నాలుగు షీట్లలో కుదిరింది. ఎరుపు తగ్గించడం వేరు, మనిషిని తెల్లగా చేయడం వేరు. ఫోన్లలో బ్యూటీ ఫిల్టరు దానంతటదే పనిచేసి మొటిమలూ మచ్చలూ తుడిచేస్తుంది, యాప్‌లు బ్యాక్‌గ్రౌండ్ మారుస్తూ చెవి అంచు కోసేస్తాయి. సాఫ్ట్‌వేర్‌తో మార్చిన ఫోటో పనికిరాదని నిబంధనల్లోనే ఉంది. వెల్డింగు పనికి గల్ఫ్ వెళ్ళే ఒక సవర కుర్రాడు ఎక్కడో తీయించుకున్న ఫోటో తెచ్చాడు, కాపీలు కావాలని. అందులో అతను గోధుమరంగులో ఉన్నాడు. కనుబొమ్మ మీది కాలిన మచ్చ లేదు. మళ్ళీ తీశాను, డబ్బులు తీసుకోలేదు. ప్రింట్ చూసుకుని, "ఇది నా లాగుంది అక్కా" అన్నాడు. ఆ రోజంతా నాకు పండగలా ఉంది.

లోపాలు కూడా చెప్పాలి. సగం ప్రింట్‌లో కరెంటు పోతే ఆ షీటూ ఆ రిబ్బన్ ముక్కా రెండూ పోయినట్టే, ఇన్వర్టర్ లేకుండా పెట్టుకోకండి. దుమ్ము పడితే తెల్ల చుక్కలు వస్తాయి. చుక్క కనుపాప మీద పడిందంటే ఆ ఫోటో ఎందుకూ కొరగాదు. రాత్రి గుడ్డ కప్పుతాం. వానాకాలం కాగితం వంపు తిరిగి ఇరుక్కుంటుంది, ప్యాకెట్ విప్పాక బిగుతు మూత డబ్బాలో పెట్టుకోవాలి. రిబ్బన్, కాగితం లెక్కకి లెక్క వస్తాయి, కాబట్టి కాగితం ఒక్కటే పాడైతే చివర్లో లెక్క తప్పుతుంది. మా ఊళ్ళో దొరకవు, పది రోజుల ముందే తెప్పించుకోవాలి. ఇన్ని ఉన్నా ఇది పాడైతే మళ్ళీ ఇదే రకం కొంటాను.

చివరిగా, వాడేసిన రిబ్బన్ సంగతి. రోలు విప్పి వెలుతురుకి పట్టుకుంటే నలుపు తెలుపు తారుమారై మొహాలు వరసగా కనపడతాయి. పసుపు పట్టీ మీద ఒకసారి, గులాబీ మీద ఒకసారి, నీలం మీద ఒకసారి. ఆ గల్ఫ్ కుర్రాడు, ఆ అయిదు నెలల పాప, బులాకీ ముసలమ్మ, అందరూ అందులో ఉంటారు. పాత సామాన్లు కొనే అతను అడిగితే ఇవ్వలేదు. నమ్మి కూర్చున్నవాళ్ళ మొహాలు చెత్తలో పారేయడానికి నాకు మనసొప్పదు. నెలాఖరున షట్టర్ దించాక నేనూ మా ఆయనా కింద కూర్చుని, చెరో కత్తెర పట్టుకుని, ఆ రోల్సు సన్నటి ముక్కలుగా కత్తిరిస్తాం.