బోరు స్టార్టర్‌కు సర్జ్ ప్రొటెక్టర్: 275 కాదు, 320 తీసుకోండి

ఉరుముల కాలంలో దేవరకొండ, మునుగోడు దిక్కు బోర్ల కాడ ఎక్కువగా పోయేది మోటారు కాదు, ఆటో స్టార్టర్‌లోని బోర్డు. పిడుగుల వల్ల లైనులో క్షణకాలం ఎగిసే ఓల్టేజీని సర్జ్ అంటారు. దాని నుంచి బోర్డుకు రక్షణగా డబ్బాలో బిగించే టైప్-2 సర్జ్ ప్రొటెక్టర్, కార్ట్రిడ్జ్ మార్చుకునే రకం, పెట్టిన డబ్బుకు తగిన వస్తువే. నల్లగొండ షాపులో కొనేటప్పుడు దాని మీద రాసిన ఓల్టేజీ, అంటే అది ఎప్పుడూ తట్టుకోగల గరిష్ఠ ఓల్టేజీ (275 లేదా 320), మాత్రం చూడాలి.

లోపలున్నది జింక్ ఆక్సైడ్ పింగాణీ బిళ్ల, అంటే వేరిస్టర్. మామూలు ఓల్టేజీలో అది కరెంటును ఆపుతుంది, ఓల్టేజీ హద్దు దాటితే ఎర్త్‌కు వదిలేస్తుంది. జింక్ ఆక్సైడ్ రేణువు కరెంటును బాగానే పారనిస్తుంది. కొద్దిగా బిస్మత్, కోబాల్ట్, మాంగనీస్ ఆక్సైడ్లు కలిపి కాలిస్తే రేణువుల సరిహద్దుల్లో అడ్డు ఏర్పడుతుంది. ఒక్కో సరిహద్దు ఆపేది సుమారు 3 వోల్టులు. 470 వోల్టుల దగ్గర కరెంటు వదలడం మొదలుపెట్టే బిళ్లలో అలాంటివి వరుసగా 150 దాకా ఉంటాయి. రేణువులు సన్నబడితే అదే మందంలో సరిహద్దులు పెరిగి ఎక్కువ ఓల్టేజీ ఆగుతుంది. నానో రేణువుల పింగాణీ మీద పరిశోధకులకు ఆసక్తి అందుకే.

ఆ సరిహద్దులు అరుగుతాయి. పెద్ద సర్జ్ తగిలినా, ఎప్పుడూ హద్దు దగ్గరి ఓల్టేజీలో ఉన్నా, స్ఫటికంలో ఇరుక్కున్న జింక్ అయాన్లు సరిహద్దుకు జరిగి అడ్డును తగ్గిస్తాయి. లీకేజీ పెరిగి బిళ్ల వేడెక్కుతుంది, ఆ వేడికి లీకేజీ ఇంకా పెరుగుతుంది. రాత్రి లోడు తగ్గి ఓల్టేజీ ఎగబాకే పొలం లైన్లకు 275 రకం అందుకే పనికిరాదు. 320 రకం సర్జ్‌లో బోర్డు వైపు కాస్త ఎక్కువ ఓల్టేజీని వదులుతుంది, అయినా ఇక్కడ అదే నయం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే ఓల్టేజీ ఇంకా ఎగిరి 320 కూడా తట్టుకోదు. కాబట్టి వేడెక్కితే తనంతట తాను తెగిపోయే ఏర్పాటు, ఎర్ర గుర్తు చూపే కిటికీ లేని సరుకు అసలు కొనొద్దు.

ఫేజు నుంచి ఎర్త్ పట్టీ దాకా మొత్తం వైరు అర మీటరు దాటకూడదు, ఎర్త్ వైరు కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగిది కావాలి. వైరు మీటరు పొడవుంటే పెద్ద సర్జ్‌లో దాని మీదే వెయ్యి వోల్టులకు పైగా పడుతుంది, బోర్డుకు అదీ కలిసి తగులుతుంది. చల్క నేల ఎండాకాలం ఎండిపోతుంది కాబట్టి ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తూ ఉండాలి.

మోటారుకు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టేముందు కార్ట్రిడ్జ్‌లు పీకేయండి. లేకపోతే వేరిస్టర్ లీకేజీ వల్ల రీడింగ్ తక్కువొస్తుంది, బాగున్న మోటారును బోరులోంచి పైకి లాగిస్తారు.