రాజీ ఎలా కుదిరిందో చూపే రికార్డు: రాజ్యాంగ సభ చర్చల డిజిటల్ ప్రతిపై సమీక్ష

రాజ్యాంగ సభ చర్చల అధికారిక నివేదికలు 12 సంపుటాలూ ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతున్నాయి. జాతీయ రాజకీయాల్లో రాజీపడటమంటే లొంగిపోవడమేనని నమ్మేవారు తప్పక చదవవలసిన రికార్డు ఇది.

మొదటి పేజీ నుంచి చదవబోతే చాలామంది మధ్యలోనే ఆపేస్తారు. కాబట్టి 1949 సెప్టెంబరు 12 నుంచి 14 వరకు అధికార భాషపై సాగిన చర్చతో ప్రారంభించడం మంచిది. ఒక ప్రతిపాదన మెజారిటీతో నెగ్గినా, ఉత్తరాదిన గాని దక్షిణాదిన గాని చెప్పుకోదగినంత మంది ప్రజలు దానిని ఒప్పుకోకపోతే రాజ్యాంగం అమలే కష్టమవుతుందని అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ ఆరంభంలోనే హెచ్చరించారు. సభలో బలం ఉన్నంత మాత్రాన సరిపోదని సభను నడిపే వ్యక్తే చెప్పడం నన్ను ఎంతో కదిలించింది.

మూడు వందలకు పైగా సవరణలు వచ్చిన ఆ చర్చలో పట్టుదల ఎక్కువగా కనిపించేది అంకెల దగ్గర. నాగరి అంకెలే (१, २, ३) కావాలని హిందీ పక్షంలో పలువురు, అంతర్జాతీయ అంకెలే (1, 2, 3) ఉండాలని దక్షిణాది సభ్యులు గట్టిగా నిలబడ్డారు. బాల్యంలోనే కాకినాడలో హిందీ పాఠశాల నడిపిన సభ్యురాలు దుర్గాబాయి, తాము ఉత్సాహంగా నేర్చుకున్న ఆ భాషపైనే దక్షిణాదిలో వ్యతిరేకత పెరగడం చూసి బాధపడుతూ చేసిన ప్రసంగాన్ని తెలుగువారు ప్రత్యేకంగా చదవాలి. చివరకు ముసాయిదా సంఘం సభ్యులు మున్షీ, గోపాలస్వామి అయ్యంగార్‌ల పేరుతో ప్రసిద్ధమైన సూత్రం కుదిరింది: నాగరి లిపిలో హిందీ అధికార భాష, అంకెలు అంతర్జాతీయ రూపంలో, 15 ఏళ్లపాటు ఇంగ్లీషు కొనసాగింపు, ఆపైన అవసరమైతే పార్లమెంటు చట్టం చేసుకునే వీలు. ఇరుపక్షాలూ ఎంతో కొంత వదులుకున్నాయి. 1965లో హిందీ వ్యతిరేక ఆందోళనతో మద్రాసు రాష్ట్రం భగ్గుమన్నప్పుడు, ఇంగ్లీషు కొనసాగింపునకు 1967లో చట్ట సవరణ తేగలగడానికి ఆ చివరి వీలే ఆధారమైంది.

ఇంగ్లీషు ప్రతిలో హిందుస్తానీ ప్రసంగాల అనువాదాలను గుర్తులతో వేరుగా చూపారు. భాష గురించి మాట్లాడుతూ ఎవరు ఏ భాషను ఎంచుకున్నారో దీనివల్ల తెలిసిపోతుంది. ఇది నాకు బాగా నచ్చిన అంశం.

లోపాలూ ఉన్నాయి. నేను చూసిన ఒక స్కాన్ ప్రతిలో కొన్ని పేజీలు మసకబారి ఉన్నాయి. పేర్లతో వెతికేటప్పుడు జాగ్రత్త అవసరం: సి.డి. దేశ్‌ముఖ్‌తో దుర్గాబాయి వివాహం 1953లో జరిగింది కనుక నివేదికల్లో ఆమె పేరు జి. దుర్గాబాయి అనే ఉంటుంది. అన్నిటికంటే పెద్ద వెలితి, అసలు బేరసారాలు చాలావరకు కాంగ్రెస్ పార్టీ అంతర్గత సమావేశాల్లో జరగడం. అవి ఈ సంపుటాల్లో లేవు. అయినా విద్యార్థులకు, పాత్రికేయులకు, ముఖ్యంగా కొత్తగా చట్టసభల్లోకి వెళ్లేవారికి నేను దీనిని గట్టిగా సిఫారసు చేస్తాను.

భాషా చర్చ పూర్తయ్యాక 1949 నవంబరు 25 నాటి అంబేడ్కర్ ప్రసంగం చదవండి. ముసాయిదాకు 7,635 సవరణలు అందాయనీ, వాటిలో 2,473 సభ ముందుకు వచ్చాయనీ ఆయన లెక్క చెప్పింది అందులోనే.