ఆర్‌ఏవీ4 వెనక హిచ్, సైకిల్ ర్యాక్: కొన్నేళ్లు వాడాక

హిచ్ అంటే ట్రెయిలరో సైకిల్ ర్యాకో తగిలించడానికి కారు వెనక కింద బిగించే ఉక్కు అమరిక. అది కొనేటప్పుడు అందరి కళ్లూ దాని స్టిక్కర్ మీద ఉన్న పెద్ద అంకె మీదే పడతాయి. ఇన్ని వేల పౌండ్లు లాగుతుందట, రెండు సైకిళ్లు ఏపాటి అనుకుంటారు. ట్రెయిలర్ లాగేవాళ్లకి ఆ అంకె కావాలి. సైకిల్ ర్యాక్ పెట్టుకునేవాళ్లు చూసుకోవాల్సింది టంగ్ వెయిట్, అంటే హిచ్ మీద నిలువుగా కిందికి పడే బరువు. అది కూడా హిచ్ కంపెనీ చెప్పింది ఒక్కటే చాలదు, కారు మాన్యువల్‌లో ఏముందో చూడాలి. రెండింట్లో ఏది తక్కువైతే అదే లెక్క.

మేముండేది న్యూజెర్సీలోని ఎడిసన్. కారు ఆర్‌ఏవీ4 హైబ్రిడ్, 2019లో వచ్చిన మోడల్ తరం. దీనికి టొయోటా ఇచ్చిన టోయింగ్ పరిమితి 1,750 పౌండ్లు. టంగ్ వెయిట్ అందులో పదో వంతు, అంటే 175. మేము వేయించింది క్లాస్ 3 హిచ్ (ఎంత బరువుకి తట్టుకుంటుందో దాన్ని బట్టి ఇచ్చే తరగతి ఇది), దాని స్టిక్కర్ మీద ఇంతకు రెట్టింపు పైనే ఉంది. అయినా కారుకున్న పరిమితి మారదు. ఇప్పుడు కూడండి: ర్యాక్ 52 పౌండ్లు, మా ఇద్దరి ఈ-సైకిళ్లు చెరో 60. మొత్తం 172. కాగితం మీద సరిపోయింది కానీ నాకు ధైర్యం చాలదు. బరువు కారు నుంచి రెండు మూడు అడుగుల వెనక వేలాడుతుంది, గుంత వచ్చినప్పుడల్లా హిచ్‌ని కిందికి గుంజుతుంది. అందుకే ఎక్కించేముందు రెండు బ్యాటరీలూ పీకి కారులో పెడతాం. ఒక్కోటీ ఏడెనిమిది పౌండ్లు తగ్గుతుంది, వానొస్తే వాటికి తడి భయమూ ఉండదు. నలుగురున్న ఇంట్లో నాలుగూ మామూలు సైకిళ్లయినా, నాలుగు సైకిళ్ల ర్యాక్ ఒట్టిదే ఎంత బరువుందో ముందు కనుక్కోండి. ఇలాంటి కారుకి అక్కడే సగం కోటా అయిపోతుంది.

రిసీవర్ అంటే ర్యాక్‌ని దూర్చే హిచ్ గొట్టం. దాని సైజు విషయంలో నాది మొండి పట్టు. 2 అంగుళాలది దొరికే కారైతే 1.25 అంగుళాలది వద్దు. చిన్న సెడాన్లకి చాలావరకు చిన్నదే వస్తుంది, దానికి చేసేదేమీ లేదు. ఎస్‌యూవీకి రెండూ దొరుకుతుంటే యాభై డాలర్ల తేడా కోసం చిన్నది తీసుకోకండి. నాలుగు సైకిళ్ల ర్యాకులూ, రెండు సైకిళ్ల ర్యాకుకి తర్వాత తగిలించే యాడ్-ఆన్‌లూ దాదాపు అన్నీ 2 అంగుళాలకే చేస్తారు. చిన్నదాన్ని పెద్దది చేసే అడాప్టర్ అమ్ముతారు కానీ దాంతో ర్యాక్ ఇంకొన్ని అంగుళాలు వెనక్కి జరుగుతుంది, మోయగల బరువు తగ్గుతుంది, ఊగడం పెరుగుతుంది.

బిగించడం గురించి రెండు ముక్కలు. కారు ఫ్రేమ్‌లో ముందే ఉన్న రంధ్రాలకే బోల్టులు వేస్తారు, సైలెన్సర్‌ని పట్టుకునే రబ్బరు హ్యాంగర్లు విప్పి దాన్ని కాస్త కిందికి దించాలి. టార్క్ రెంచ్ (బోల్టుని సరైన బలంతో బిగించే పానా), జాక్ స్టాండ్లు (ఎత్తిన కారుని పట్టి ఉంచేవి), సాయానికి ఇంకో మనిషి ఉంటే ఇంట్లోనే అవుతుంది. మేము మాత్రం షాపులో చేయించుకున్నాం. ర్యాక్ ఒక్కటే అయితే హిచ్ బాల్ (ట్రెయిలర్ తగిలించే ఇనుప గుండు) అక్కర్లేదు, లైట్ల వైరింగూ అక్కర్లేదు. కౌంటర్ దగ్గర అడక్కుండానే బిల్లులో కలుపుతుంటారు, చూసుకోండి.

ర్యాకుల్లో ప్రధానంగా రెండు రకాలు. చేతుల్లాంటి రెండు కడ్డీలకి సైకిల్ పైబారును తగిలించి వేలాడదీసేవి చవక, తేలిక. మా స్నేహితుడి దగ్గర ఉంది. పైబారు వాలుగా ఉండే ఆడవాళ్ల సైకిళ్లకి, పిల్లల సైకిళ్లకి అది కుదరదు, పైబారుకి బదులుగా మధ్యలో ఇంకో కడ్డీ బిగించాలి. దారి పొడుగునా సైకిళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. కార్బన్ ఫ్రేములకైతే అసలు వద్దు. రెండోది ప్లాట్‌ఫాం రకం: చక్రాలు ట్రేలో కూర్చుంటాయి, ముందు చక్రాన్ని కొక్కెం పైనుంచి నొక్కి పట్టుకుంటుంది, వెనక చక్రానికి స్ట్రాప్. ఫ్రేమ్‌ని ఏదీ ముట్టుకోదు. మాది ఇదే. థూలే, యాకిమా, కువాట్, వన్‌అప్ లాంటి పేరున్న కంపెనీలన్నిట్లో ఈ రకం ఉంది. రెండు సైకిళ్లదైతే చాలావరకు ఐదు వందల డాలర్ల నుంచి తొమ్మిది వందల దాకా అవుతుంది. ఈ-సైకిల్ ఉన్నవాళ్లకి ఇంకో దారి లేదు. కొనేముందు ఒక్కో ట్రే ఎంత మోస్తుందో చూడండి, 60 పౌండ్లకి తక్కువైతే పక్కన పెట్టేయండి. పేరున్న కంపెనీదే కొనమనడానికి కారణం ఉక్కు కాదు, విడిభాగాలు. మా ర్యాక్ వెనక స్ట్రాపుల పళ్లు రెండో చలికాలానికే అరిగిపోయాయి, మడిచే లీవర్ బిగుసుకుంది. స్ట్రాపులు విడిగా దొరికాయి కాబట్టి సరిపోయింది. పేరులేని సరుకైతే ఇలాంటి చిన్న ముక్క కోసం మొత్తం ర్యాక్ మార్చాల్సి వస్తుంది.

ఇక రోజువారీ సంగతులు. బరువైన సైకిల్ కారు వైపు, తేలికది బయటికి. రెండింటినీ ఎదురెదురు దిశల్లో పెట్టాలి, లేకపోతే ఒకదాని హ్యాండిల్ రెండోదాని సీటుని పొడుస్తుంది. అప్పటికీ తగిలితే సీటు కాస్త దించాలి, లేదా ట్రేని పక్కకి జరపాలి. ట్రే పక్కకి జరగని మోడల్ కొనకండి. వెనక చక్రం సైలెన్సర్ గొట్టానికి ఎదురుగా రాకుండా చూసుకోండి, గంటసేపు హైవే మీద వేడి గాలి కొడితే టైరు పాడవుతుంది. అరవై పౌండ్ల సైకిల్‌ని ఎత్తి పెట్టడం నడుముకి పరీక్ష. ర్యాంప్ ఉన్న మోడల్ కాస్త ఖరీదైనా, యాభై దాటినవాళ్లకి నేను అదే చెబుతాను.

సైకిళ్లతో సహా వెనక్కి వంగే ర్యాక్ అయితే డిక్కీ తెరుచుకుంటుంది. ఆ లీవర్ చివర్న, చేతికందేచోట ఉండాలి. హిచ్ దగ్గర లోపలెక్కడో ఉంటే సైకిళ్ల కిందకి దూరాలి. ఒట్టి ర్యాక్‌ని నిలువుగా మడిచినప్పుడు మాత్రం జాగ్రత్త. పవర్ డిక్కీ బటన్ అలవాటుగా నొక్కారంటే అది వచ్చి ర్యాకుకి కొట్టుకుంటుంది. మేము పవర్ డిక్కీని సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసి పెట్టాం. రివర్స్ గేర్ వేస్తే సెన్సార్లు ఆగకుండా కూస్తాయి, కెమెరాలో కనిపించేది టైరు ఒక్కటే. కొన్ని కార్లలో వెనక ఆటోమేటిక్ బ్రేక్ కూడా పడుతుంది, అది ఎక్కడ ఆఫ్ చేయాలో ఇంటి దగ్గరే చూసుకుని బయల్దేరండి. నంబర్ ప్లేట్ సంగతి ఇంకోటి. సైకిళ్లు ఎక్కాక మా ప్లేట్ సగం కనిపించదు. ప్లేట్ గురించి రూల్స్ ఒక్కో రాష్ట్రానికి ఒక్కోలా ఉంటాయి, మీ రాష్ట్రం ఏమంటుందో చదవండి. ర్యాక్ చివర్న ప్లేట్ తగిలించే హోల్డర్లు ఉన్నాయి కానీ ప్లేటుకి ఉండే లైటు అక్కడికి రాదు.

మా నాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు దీన్ని చూసి "కారుకి తోక మొలిచిందేమిట్రా" అన్నారు. మడిచిపెట్టినా అది ఒక అడుగు పైనే బయటికి ఉంటుంది, గరాజ్ తలుపు పడదు. తీసేస్తే రిసీవర్ గొట్టం మాత్రం మోకాలి కింద ఎముక కోసం కాచుకుని ఉంటుంది. దానికి రబ్బరు మూత కొనండి, ఐదారు డాలర్లే.

ఈ ప్రాంతంలో అన్నిటికంటే పెద్ద శత్రువు ఉప్పు. చలికాలమంతా రోడ్ల మీద చల్లే ఉప్పు నీళ్లు ర్యాక్ గొట్టానికీ రిసీవర్‌కీ మధ్య చేరి తుప్పు పట్టిస్తాయి, రెండూ అతుక్కుపోతాయి. పక్కింటాయన ఏడాదంతా ర్యాక్ తీయకుండా ఉంచితే, వసంతంలో నూనె పోసి సుత్తితో కొట్టినా కదల్లేదు. మేము నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ పండుగ దాటగానే తీసేస్తాం. గొట్టం లోపల వైరు బ్రష్‌తో గీకి, యాంటీ-సీజ్ (లోహాలు అతుక్కోకుండా రాసే జిడ్డు) పల్చగా రాస్తాం. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు.

రోడ్డు మీద ఎలా ఉందంటే, ఐ-78 హైవే మీద లారీల పక్కన అరవై ఐదు మైళ్ల వేగంలో వెళ్తున్నా అద్దంలో సైకిళ్లు కదలవు. హిచ్‌లో ర్యాక్ ఊగకుండా బిగించే నాబ్ వల్లే అది. కొన్ని మోడళ్లలో ర్యాక్ గొట్టం హిచ్‌లోంచి జారకుండా పట్టే ఒట్టి పిన్ మాత్రమే ఉంటుంది, అవి కటకటలాడుతూ వస్తాయి. మేము ఎక్కువగా వెళ్లేది ప్రిన్స్‌టన్ వైపు డెలావేర్ అండ్ రారిటన్ కాలువ గట్టు మీదికి, దారంతా చదును. శరదృతువులో పెన్సిల్వేనియాలోని లీహై గోర్జ్‌కి వెళ్తాం. పాత రైలు పట్టాలు తీసేసి వేసిన కంకర దారి అది. జిమ్ థోర్ప్‌లో కారు ఆపి షటిల్‌లో వైట్ హేవెన్ దాకా వెళ్తే, అక్కణ్నుంచి పాతిక మైళ్లూ నది పక్కనే సన్నగా దిగుడు. షటిల్ వాళ్లు ఈ-సైకిళ్లు తీసుకుంటారో లేదో ముందే ఫోన్ చేసి అడగండి.

ర్యాకుతో వచ్చే కేబుల్ తాళం మీద నాకు నమ్మకం లేదు. కాఫీకి ఆగినా కిటికీలోంచి కారు కనిపించే బల్లే చూసుకుంటాం. హోటల్లో దిగితే సైకిళ్లు గదిలోకే. హిచ్ పిన్‌కి మాత్రం తాళం ఉన్నదే కొనండి, లేకపోతే ర్యాకే పోతుంది.

ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే సైకిల్ తీసుకెళ్లేవాళ్లు ఇదంతా పెట్టుకోకండి. హిచ్, బిగింపు, ర్యాక్ కలిపి వెయ్యి డాలర్లు తేలిగ్గా దాటుతుంది. ముందు చక్రాలు విప్పి, వెనక సీట్లు మడిచి, పాత దుప్పటి పరిస్తే ఆర్‌ఏవీ4లో రెండు మామూలు సైకిళ్లు లోపలే పడతాయి.