పిల్లలు, రెండు పిల్లులు, ఒక ట్రెయిలర్: ఫుల్‌టైమ్ ఆర్వీ జీవితంపై సమీక్ష

అమెరికాలో ఇల్లు వదిలి ఆర్వీలో, అంటే చక్రాల మీద ఇల్లులాంటి బండిలో, ఉంటున్నామని తెలియగానే అందరూ ముందు అడిగేది పిల్లల చదువు గురించి, తర్వాత బాత్రూమ్ గురించి. పిల్లుల సంగతి అడిగేవాళ్లు తక్కువ. మా అనుభవంలో మాత్రం ప్లాన్ నిలబడేదీ చెడేదీ పిల్లుల దగ్గరే. పిల్లలకు ఇబ్బందిగా ఉంటే నోరు తెరిచి చెబుతారు. పిల్లి చెప్పదు. మంచం కిందికి దూరి తిండి మానేస్తుంది. మనం మరీ తొందరగా ఊళ్లు మారుతున్నామని ఇంట్లో అందరికంటే ముందు తెలిసేది దానికే.

మేం నలుగురం: నేను, మా వారు, మిడిల్ స్కూలు వయసు అమ్మాయి, ఎలిమెంటరీ వయసు అబ్బాయి. వీళ్లతో పాటు బూడిదరంగు ఆడపిల్లి, నారింజరంగు మగపిల్లి. అద్దె ఇల్లు ఖాళీ చేసి, వెనకవైపు బంక్ పడకలున్న, ట్రక్కుకి తగిలించి లాగే ట్రావెల్ ట్రెయిలర్‌లోకి మారి కొన్నేళ్లయింది. ఎడారి ఎండ, కొండల్లో మంచు, అమెరికా దక్షిణాన గల్ఫ్ తీరం ఉక్కపోత అన్నీ అందులోనే గడిపాం. ఈ జీవితం మాకు నచ్చింది, కొనసాగిస్తున్నాం. ఇప్పుడు ప్లాన్ వేసుకుంటున్నవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు బండి సంగతి. చాలామందికి ఇంజనూ ఇల్లూ ఒకే బండిగా ఉండే మోటార్‌హోమ్ మీద మనసు పోతుంది. నడుస్తుండగానే పిల్లలు బల్ల దగ్గర కూర్చుని బొమ్మలు వేసుకోవచ్చని ఊహించుకుంటారు. బండి కదులుతుంటే పిల్లలు బెల్టు పెట్టుకుని కూర్చోవాల్సిందే. పక్కకు తిరిగి ఉండే సీట్లలో పిల్లల కార్ సీట్ బిగించకూడదు. చాలా మోటార్‌హోమ్‌లలో ముందుకు తిరిగి ఉండి, సరైన బెల్టులున్న వెనక సీట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే రెండు కూడా తేలవు. పిల్లులకూ మోటార్‌హోమ్‌లో ఒక ప్రమాదం ఉంది, వదిలేస్తే డ్రైవర్ కాళ్ల దగ్గర పెడళ్ల కిందికి దూరతాయి. ట్రెయిలర్ అయితే పిల్లలు ట్రక్కు వెనక సీట్లో తమ కార్ సీట్లలో, పిల్లులు క్యారియర్లనే తమ పెట్టెల్లో, అందరం ఒకే ఏసీ కింద ఉంటాం. ట్రావెల్ ట్రెయిలర్ లోపల మనుషులు ప్రయాణించడాన్ని చాలా రాష్ట్రాలు ఒప్పుకోవు. పిల్లుల్ని కూడా అందులో వదలకండి. లోపల ఎండాకాలం ఉడికిపోతుంది, సామాన్లు పడతాయి, ఏం జరిగినా ముందున్న మనకు తెలియదు.

ట్రెయిలర్ అనుకుంటే బరువు లెక్క వెయ్యక తప్పదు. 'ఈ ట్రక్కు ఇంత లాగుతుంది' అనే ప్రకటన అంకె చూసి ఆగిపోవద్దు. ట్రక్కు తన మీద ఎంత బరువు మొయ్యగలదో చెప్పే పేలోడ్ స్టిక్కర్ డ్రైవర్ తలుపు అంచున ఉంటుంది, అది చూడండి. 9,000 పౌండ్ల ట్రెయిలర్ అయితే అందులో 10 నుంచి 15 శాతం, అంటే 900 నుంచి 1,350 పౌండ్లు ట్రక్కు వెనక భాగం మీద కూర్చుంటుంది. దానిపైన నలుగురు మనుషులు, కార్ సీట్లు, పిల్లులు, పనిముట్లు. చిన్న ట్రక్కుల పేలోడ్ ఇక్కడే అయిపోతుంది. అందుకే మేం ఇంకా ఎక్కువ మొయ్యగల, 'ముప్పావు టన్ను' అని పిలిచే రకం ట్రక్కు తీసుకున్నాం. ట్రెయిలర్ లోపల కూడా ఎంత సామాను మొయ్యగలదో తెలిపే పసుపు స్టిక్కర్ ఉంటుంది. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. 50 గ్యాలన్ల ట్యాంకు నింపితే 415 పౌండ్లు అక్కడికే పోతాయి. బియ్యం, పప్పులు, పుస్తకాలు, లిట్టర్ (పిల్లుల మలమూత్రాల పెట్టెలో వేసే మట్టి) బస్తాలు, కుక్కర్లు మిగిలినదాంట్లో సర్దాలి. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్స్ అనే కాటాలుంటాయి. అన్నీ సర్దాక ఒకసారి అక్కడ తూయించుకుంటే అనుమానం ఉండదు.

ఇక పిల్లులు. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది స్లైడ్ గురించి. బటన్ నొక్కితే గది బయటికి జరిగి లోపల చోటు పెరుగుతుంది, బయల్దేరే ముందు మళ్లీ లోపలికి లాగాలి. ఆ కదిలే గది కింద, పక్కన ఉండే సందుల్లో పిల్లి దూరిందంటే నలిగిపోతుంది. ఆ ఆలోచన వస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మా ఇంట్లో దీనికి ఒక పద్ధతి ఉంది. రెండు పిల్లులూ క్యారియర్లలో ఉన్నాయని మా అబ్బాయి కళ్లతో చూసి గట్టిగా చెప్పేదాకా బటన్ మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. స్లైడ్ తెరిచేటప్పుడూ అంతే. సొరుగుల వెనక, సింకు కింద, పైపులు పోయే రంధ్రాలు కూడా పిల్లి తలపట్టేంత పెద్దవిగా ఉంటాయి. ట్రెయిలర్ కొన్న వారంలోనే వాటిని చెక్కముక్కలతో, గట్టి వైరు మెష్‌తో మూసేయండి. అక్కడినుంచి కింది పొట్టలోకి దిగిన పిల్లిని బయటికి రప్పించాలంటే ఫ్లోరు విప్పాల్సి రావచ్చు.

లిట్టర్ బాక్స్ ఎక్కడ పెట్టాలన్నది ట్రెయిలర్ కొనకముందే తేల్చుకోండి. షోరూమ్‌లో మేం మంచాలు, సోఫాలు చూసే ముందు ఇదే చూశాం. కింది బంక్ కింద సామాన్ల అర ఉంటే, దాని తలుపుకి పిల్లి పట్టే రంధ్రం కోసి, బాక్సు లోపల పెట్టొచ్చు. బయటినుంచి కూడా ఆ అర తెరుచుకుంటే ఇంకా మంచిది, శుభ్రం చేసేటప్పుడు ఇంట్లోకి తేనక్కర్లేదు. హీటర్ గాలి లాక్కునే జాలీ పక్కన మాత్రం పెట్టకండి. ఆ చిన్న చోటంతా దుమ్మూ వాసనా తిరుగుతాయి. మేం మట్టి లిట్టర్ మానేసి పైన్ చెక్క గుళికలకు మారాం. బరువు తక్కువ, దుమ్ము తక్కువ. పిల్లులకు అలవాటు చెయ్యడానికి పాతది, కొత్తది కొన్నాళ్లు కలిపి వెయ్యాల్సి వచ్చింది. ఏ లిట్టరైనా టాయిలెట్లో పారేయొద్దు. నీళ్లు తగిలితే ఉబ్బే మట్టి బ్లాక్ ట్యాంకులో, అంటే టాయిలెట్ మురుగు ట్యాంకులో, చేరి గట్టిపడితే దాన్ని కడగడం నరకం.

ఆర్వీవాళ్లలో 3-3-3 అనే సూత్రం ఉంది: రోజుకి 300 మైళ్లు దాటొద్దు, మధ్యాహ్నం మూడింటికల్లా చేరాలి, చేరిన చోట కనీసం మూడు రాత్రులు ఉండాలి. పెద్దవాళ్లిద్దరే అయితే అది చాలా చక్కటి సూత్రం. పిల్లులుంటే మూడు రాత్రులు చాలవు. మా ఆడపిల్లి కొత్తచోట కిటికీ దగ్గరికి వచ్చి కూర్చోవడానికే రెండు మూడు రోజులు తీసుకుంటుంది. అది స్థిమితపడే సరికి మనం మళ్లీ క్యారియర్ తీస్తే దానికి ఎప్పటికీ స్థిమితం ఉండదు. అందుకే మా లెక్క వేరు. చక్రం కదిలితే రెండు వందల మైళ్లలోపు, ఆగితే రెండు వారాలకు తగ్గకుండా, వీలైతే నెల. దీనివల్ల డబ్బు కూడా కలిసొచ్చింది. ఆర్వీలు ఆపుకునే క్యాంప్‌గ్రౌండ్లలో నెలవారీ రేటు రోజువారీ రేటుతో పోలిస్తే బాగా తక్కువ. కరెంటు మీటరు విడిగా కట్టాల్సి రావచ్చు, అది అడిగి తెలుసుకోవాలి. బీఎల్ఎమ్ (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) చూసే ప్రభుత్వ భూముల్లో ఉచితంగా ఉండటానికి మామూలుగా 14 రోజుల పరిమితి ఉంటుంది, అది కూడా ఈ వేగానికి సరిగ్గా సరిపోయింది. పిల్లల చదువు సాగడానికి, లైబ్రరీకి వెళ్లడానికి, పక్క సైటు పిల్లలతో స్నేహం కుదరడానికి కూడా ఆ రెండు వారాలే కావాలి. పిల్లుల కోసం పెట్టుకున్న వేగం పిల్లలకూ మంచిదైంది.

ఎండాకాలం గురించి గట్టిగా చెప్పాలి. మనం బయటికెళ్లినప్పుడు కరెంటు పోతే ట్రెయిలర్ లోపల చాలా త్వరగా వేడెక్కుతుంది. సెల్ నెట్‌వర్క్ మీద నడిచి, ఉష్ణోగ్రత పెరిగినా కరెంటు పోయినా ఫోన్‌కి మెసేజ్ పంపే మానిటర్లు దొరుకుతాయి. అది లేకుండా పిల్లుల్ని లోపల ఉంచి వెళ్లకండి. ఇందులో ఇంకో మెలిక ఉంది. వోల్టేజ్ మరీ పడిపోతే మన సామాన్లు పాడవకుండా కరెంటు ఆపేసే రక్షణ పరికరాన్ని చాలామంది పెట్టుకుంటారు, మేమూ పెట్టుకున్నాం. అది దాదాపు 104 వోల్టుల దగ్గర ఆపేస్తుంది. ఎండ మండే మధ్యాహ్నం క్యాంప్‌గ్రౌండ్ అంతా ఏసీలు వేసినప్పుడు వోల్టేజ్ అంతకు పడిపోవచ్చు. అప్పుడు క్యాంప్‌గ్రౌండ్లో కరెంటు ఉన్నా మన ఏసీ ఆగిపోతుంది. మా మానిటర్ ఒక మధ్యాహ్నం మోగితే మ్యూజియం సగంలో వదిలేసి పరుగెత్తుకొచ్చాం. అప్పట్నుంచి వేసవిలో మేం ఎత్తైన చల్లటి ప్రదేశాలకే వెళ్తున్నాం.

పశువైద్యం కోసం రేబిస్ టీకా సర్టిఫికెట్ కాగితం, ఫోన్లో ఫొటో రెండూ ఉంచుకోండి. కెనడా వెళ్లాలన్నా మూడు నెలలు దాటిన పిల్లికి అది అడుగుతారు. పిల్లి చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ రిజిస్ట్రేషన్‌లో ఫోన్ నంబరు సరిగ్గా ఉండాలి, ఎందుకంటే మన అడ్రసు చూసి పిల్లిని తెచ్చివ్వడం కుదరదు. మగపిల్లి పదేపదే లిట్టర్ బాక్సులోకి వెళ్తూ మూత్రం రాక ఇబ్బంది పడుతుంటే పొద్దున దాకా ఆగకూడదు, అది ఎమర్జెన్సీ. అందుకే ఏ ఊరు చేరినా, రాత్రి తెరిచి ఉండే పశువైద్యశాల ఎక్కడుందో నేను ముందే చూసిపెట్టుకుంటాను.

పిల్లల విషయంలో నాకు బాగా నచ్చింది బంక్. ఎవరి పడక వాళ్లకు, తెర లాక్కుంటే అదే వాళ్ల గది. మా అమ్మాయికి ఆ తెర చాలా ముఖ్యం. వయసొస్తున్న పిల్లకు తలుపు లేని ఇల్లు ఇరుకే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తనకు ఒంటరిగా ఉండాలనిపిస్తే మిగతావాళ్లం బయట కుర్చీల్లోకి వెళ్తాం. వానలు వరుసగా పడితే అదీ కుదరదు. అలాంటి వారాలే ఈ జీవితంలో కష్టమైనవి.

బడికి పంపకుండా ఇంట్లోనే చెప్పే చదువుకి మనం చట్టపరంగా ఏ రాష్ట్రవాసులమో ఆ రాష్ట్రపు నియమాలు ముఖ్యం. ఫుల్‌టైమ్ ఆర్వీవాళ్లు ఎక్కువగా ఎంచుకునేవి టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటా. మూడింటిలోనూ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. టెక్సస్‌లో 1994 నాటి ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇంటిచదువును ప్రైవేటు బడిగానే చూస్తారు. ఫ్లోరిడాలో కౌంటీ సూపరింటెండెంట్‌కి నోటీసు ఇచ్చి, ఏటా మూల్యాంకనం చేయించాలి. సౌత్ డకోటా 2021లో ఇంటిచదువు పిల్లలకు తప్పనిసరి పరీక్షలు తీసేసింది. మేం ఎంచుకున్నది సౌత్ డకోటా. నాలుగో తరగతి పిల్లలకు ఏడాదిపాటు నేషనల్ పార్కుల ప్రవేశం ఉచితంగా ఇచ్చే పాసు ఉంది, తప్పక తీసుకోండి. పార్కుల్లో పిల్లలకిచ్చే జూనియర్ రేంజర్ పుస్తకం నింపి, ప్రమాణం చేసి, బ్యాడ్జి పెట్టుకోవడం మా అబ్బాయికి ప్రాణం. రాళ్ల పొరల గురించి వాడు నాకు చెప్పిన పాఠాలు నేను బడిలో నేర్చుకోనివి.

వీసా సంగతి మనవాళ్లకు విడిగా చెప్పాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఈ జీవితం దాదాపు కుదరదు. పనిచేసే చోటు ఎల్సీఏలో (వీసా కోసం కంపెనీ లేబర్ శాఖకు ఇచ్చే దరఖాస్తులో) రాసిన మెట్రో ప్రాంతం దాటి మారితే కంపెనీ మళ్లీ పిటిషన్ వెయ్యాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కూడా అడ్రసు మారితే 10 రోజుల్లో యూఎస్‌సీఐఎస్‌కి (అమెరికా ఇమిగ్రేషన్ శాఖకి) తెలపాలి. మేం గ్రీన్‌కార్డు వచ్చాకే బయల్దేరాం. హెల్త్ ఇన్సూరెన్సు వేరే రాష్ట్రాల్లో పనిచేస్తుందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

వంట మాకు సమస్య కాలేదు, కరెంటు లెక్క అలవాటైతే చాలు. 30 ఆంప్ కనెక్షన్ అంటే 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్ పెట్టి మైక్రోవేవ్ కూడా నొక్కితే బ్రేకర్ పడిపోతుంది. 50 ఆంప్ అయితే 12,000 వాట్లు, ఈ తిప్పలు ఉండవు. తాళింపు మాత్రం బయట పెట్టుకున్న చిన్న గ్యాస్ పొయ్యి మీదే. లోపల పెడితే స్మోక్ అలారం మోగుతుంది, ఇంగువ వాసన దుప్పట్లలో నాలుగు రోజులు ఉంటుంది.

నచ్చనివీ ఉన్నాయి. కొత్త ట్రెయిలరే అయినా మొదటి ఏడాది నీళ్ల పైపు కీలు ఊడింది, తలుపు సరిగ్గా పట్టలేదు, రిపేరుకి వారాల తరబడి ఎదురుచూశాం. వారంటీ కాగితాల్లో 'ఫుల్‌టైమ్ నివాసానికి వర్తించదు' అనే మాట చాలా కంపెనీలు రాస్తాయి, సంతకానికి ముందు చదవండి. ఇన్సూరెన్సులో కూడా ఫుల్‌టైమర్ పాలసీ అని విడిగా అడగాలి. నేషనల్ పార్కుల లోపలి పాత క్యాంప్‌గ్రౌండ్లు చాలావరకు పొడవైన ట్రెయిలర్లకు సరిపోవు, అందుకే పార్కు బయటే ఉండి రోజూ వెళ్లొస్తాం. పార్కుల్లో ఎక్కువ ట్రయల్స్ మీదికి పెంపుడు జంతువుల్ని రానివ్వరు, కట్టేసి వదిలి వెళ్లనివ్వరు, పట్టీ ఆరడుగులు దాటకూడదు. ఒంటికి కట్టే హార్నెస్ వేసుకుని క్యాంప్ సైటులో కాసేపు తిరగడమే మా పిల్లుల షికారు. నారింజోడికి అది ఇష్టం. ఆడపిల్లి గడప దాటదు, మేం బలవంతపెట్టం.

కొనాలా వద్దా అని ఊగిసలాడుతుంటే ముందు అద్దెకు తీసుకుని చూడండి. పిల్లుల్ని ఒప్పుకునే ఓనర్ దొరకడం కొంచెం కష్టం, అయినా వెతకండి, అవి లేకుండా చేసే ట్రయల్‌తో మీకు సగమే తెలుస్తుంది. ఊరికి దూరం పోకుండా ఒకే క్యాంప్‌గ్రౌండ్లో పది రోజులు ఉండండి. మామూలుగా ఆఫీసు పని, పిల్లల హోంవర్కు, వంట అన్నీ అక్కడే చెయ్యండి. ఎన్నో రోజున పిల్లి మంచం కింది నుంచి వచ్చి మామూలుగా తిందో రాసిపెట్టుకోండి. తర్వాత రూటు గీసేటప్పుడు ఏ చోటా అంతకంటే తక్కువ రోజులు పెట్టొద్దు.