టెలీ మానస్ నుంచి వార్డు దాకా: తీవ్ర డిప్రెషన్‌కు అందుతున్న చికిత్సపై సమీక్ష

తీవ్రమైన డిప్రెషన్‌తో బాధపడిన మా అక్క కోసం హెల్ప్‌లైన్ మొదలుకొని ఇన్‌పేషెంట్ వార్డు వరకు అన్ని మెట్లూ ఎక్కిన కుటుంబం మాది. ఏ సేవ ఎంతవరకు ఆదుకుంటుందో, ఎక్కడ చేయి వదిలేస్తుందో ముందే తెలిస్తే మరొకరికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌తో 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోన్ ఎత్తిన కౌన్సెలర్ ఓపికగా విని, నిద్ర, తిండి, చనిపోవాలన్న ఆలోచనల గురించి సూటిగా అడిగి, మాటలతో తగ్గే స్థితి దాటిందని, ఆ రోజే సైకియాట్రిస్టుకు చూపించాలని చెప్పారు. తన పరిధి తెలిసిన సేవ కనుక దీనికి పూర్తి మార్కులు వేస్తాను.

మేము వెళ్లిన ఓపీలో వైద్యం సరైనదే గాని వివరణ కరువు. మందు పట్టడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, తొలి రోజుల్లో వికారం, కంగారు ఉండవచ్చని, నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు మానకూడదని చీటీ ఇచ్చేటప్పుడే చెప్పి ఉంటే అక్క మాత్రలు మధ్యలో ఆపేది కాదు.

తర్వాత ఆమె అన్నం, నీళ్లు కూడా మానేయడంతో వార్డులో చేర్చక తప్పలేదు. అక్కడ ఈసీటీ, అంటే మెదడుకు కొద్దిపాటి కరెంటు పంపే, మనవాళ్లు కరెంట్ షాక్ అని భయపడే చికిత్స, సూచించారు. మత్తుమందు, కండరాలను సడలించే మందు లేకుండా దీన్ని చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ముందు రాత్రి నుంచి ఏమీ తినిపించలేదు. ఉదయం గాజులు, ముక్కుపుడక తీయించి, పళ్ల మధ్య మెత్తటి రక్షణ పెట్టి, మత్తు ఇచ్చి లోపలికి తీసుకెళ్లారు. కొద్దిసేపటికే మెలకువ వచ్చి, తానెక్కడుందో తెలియక బావగారి చేయి పట్టుకుంది. సాధారణంగా వారానికి రెండు మూడు చొప్పున ఆరు నుంచి పన్నెండు సిట్టింగులు ఉంటాయి. కోర్సు సగంలో ఉండగానే తానే పెరుగన్నం అడిగింది. ఆ వారాల సంగతులు కొన్ని ఆమెకు గుర్తులేవు. ఇలా జరగవచ్చని సమ్మతి పత్రంపై సంతకానికి ముందే వైద్యులు చెప్పారు, అందుకు వారికి కృతజ్ఞతలు.

అయస్కాంత తరంగాలతో మెదడును ఉత్తేజపరిచే ఆర్‌టీఎంఎస్ అనే చికిత్స కూడా కొన్ని ఆసుపత్రుల్లో ఉంది. మత్తు అక్కర్లేదు గాని, వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు తిరగాలి. తిండి మానేసిన మనిషికి అంత వ్యవధి ఉండదు.

అసలు లోటు ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య ఉంది. ఈసీటీతో తేరుకున్నాక మందులు ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ, అయినా డిశ్చార్జ్ రోజున మాకు అందింది మందుల జాబితా మాత్రమే. కాబట్టి తదుపరి ఓపీ తేదీ, క్లినికల్ సైకాలజిస్టు అపాయింట్‌మెంట్, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తీసుకురావాలన్నదీ అడిగి రాయించుకోండి. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా వర్తింపజేయాలని పైన చెప్పిన 2017 చట్టమే చెబుతోంది గనుక, బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ జాగ్రత్త చేయండి.